అంతరిక్షానికి తాడు: స్పేస్ ఎలివేటర్ చిక్కు ఆదోని దూదిలోనే ఉంది

ఈ ఎపిసోడ్ టాపిక్ స్పేస్ ఎలివేటర్. అంటే భూమి మీద నుంచి అంతరిక్షంలోకి ఒక తాడు, ఆ తాడు పట్టుకుని పైకి ఎక్కే లిఫ్ట్. దీని మీద యూట్యూబ్‌లో బోలెడన్ని వీడియోలు ఉన్నాయి. అన్నిట్లో గ్రాఫిక్స్, సస్పెన్స్ మ్యూజిక్. నేను మాత్రం ఆదోని మార్కెట్ యార్డు నుంచి మొదలుపెడతా.

ముందు ఒక చిన్న లెక్క. స్పేస్ ఎలివేటర్ ప్లాన్లలో తాడు పొడుగు దాదాపు లక్ష కిలోమీటర్లు. వినగానే కళ్ళు తిరుగుతాయి కదా. ఇప్పుడు 40 కౌంట్ నూలు తీసుకోండి, మామూలు చొక్కా గుడ్డకు వాడే నూలు. ఒక కిలోమీటరు నూలు బరువు 15 గ్రాములు కూడా ఉండదు. లక్ష కిలోమీటర్లకు ఎంత? సుమారు ఒకటిన్నర టన్ను. మన దగ్గర ఒక దూది బేలు 170 కిలోలు. అంటే తొమ్మిది బేళ్లు. మిల్లులో పోయే వేస్టేజ్ కూడా కలుపుకుని పదకొండో పన్నెండో అనుకోండి. ఒక చిన్న లారీ లోడు! సీజన్లో ఆదోని యార్డుకు పొద్దున వచ్చే పత్తి ముందు అది ఒక లెక్కే కాదు.

కాబట్టి లక్ష కిలోమీటర్ల పొడుగు పెద్ద సమస్య కాదు. ఈ పాయింట్ చాలా వీడియోల్లో మిస్ అవుతారు. అసలు సమస్య, వేలాడదీస్తే ఆ దారం తన బరువు తానే మోయగలగాలి.

అసలు తాడు ఆకాశంలో ఎలా నిలబడుతుంది అని డౌట్ వస్తుంది. మీ మిద్దె మీద డిష్ ఉంటే ఒకసారి చూడండి. దక్షిణం వైపో, ఆగ్నేయం వైపో మొహం పెట్టి ఉంటుంది. ఫిట్ చేసినాయన ఒకసారి తిప్పి బిగించి పోయాడు, తర్వాత ఎవరూ కదిలించరు. ఎందుకంటే అది చూస్తున్న శాటిలైట్ భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తులో, భూమి ఎంత వేగంగా తిరుగుతుందో సరిగ్గా అంతే వేగంగా తిరుగుతుంది. మనకు కదలనట్టే కనిపిస్తుంది. దీన్నే జియోస్టేషనరీ కక్ష్య అంటారు. ఇప్పుడు ఆ శాటిలైట్ నుంచి ఒక తాడు కిందికి వదలండి. బరువు కిందికి లాగుతుంది కాబట్టి బ్యాలెన్స్ కోసం ఇంకో తాడు పైవైపుకి వదలండి, చివర ఒక బరువు కట్టండి. వడిసెల తిప్పినప్పుడు రాయి బయటికి లాగుతుంది చూడండి, అట్లా పైభాగం బయటికి లాగుతుంది, కింది భాగం కిందికి లాగుతుంది, మధ్యలో తాడు బిగుతుగా నిలబడుతుంది. అంటే ఇది కింద నుంచి కట్టే టవర్ కాదు, పై నుంచి వేలాడే తాడు.

ఐడియా పాతదే. 1895లో రష్యాలో సియోల్కోవ్‌స్కీ అనే స్కూల్ మాస్టారు ఈఫిల్ టవర్ గురించి విని, ఇదే టవర్‌ను అంత ఎత్తుకు పెంచితే ఏమవుతుందని ఆలోచించాడు. పై నుంచి తాడు వదలాలి అన్న మాట 1960లో యూరీ అర్ట్సుటానోవ్ రాశాడు. 1975లో అమెరికా ఇంజినీర్ జెరోమ్ పియర్సన్ లెక్కలతో సహా పేపర్ వేశాడు. 1979లో ఆర్థర్ క్లార్క్ దీని మీద నవల రాశాక ప్రపంచానికి తెలిసింది. లెక్కలు ఎవరూ తప్పని చెప్పలేదు. తాడే దొరకలేదు.

ఇప్పుడు తాడు దగ్గరికి వద్దాం. స్పిన్నింగ్ మిల్లుల్లో టెస్టింగ్ ల్యాబ్ అని ఒక గది ఉంటుంది. ఏసీ వేసి, గాలిలో తేమ కంట్రోల్ చేసి, నూలు ముక్కలు మెషీన్‌లో పెట్టి లాగి తెంపుతుంటారు. రిపోర్టులో ఒక కాలమ్ ఉంటుంది, ఆర్‌కేఎం అని. పని చేసేవాళ్ళలో కూడా చాలామంది దాన్ని ఒక నంబర్‌గానే చూస్తారు, ఫుల్ ఫామ్ ఎవరూ అడగరు. అది జర్మన్ మాట, రైస్‌కిలోమీటర్. తెగే కిలోమీటర్ అని అర్థం. ఆ నూలును ఎన్ని కిలోమీటర్లు నిలువుగా వేలాడదీస్తే తన బరువుకు తానే తెగుతుందో ఆ నంబర్. నాకు ఇది మొదటిసారి తెలిసినప్పుడు భలే అనిపించింది. స్పేస్ ఎలివేటర్ ఇంజినీర్లు వాడేది కూడా సరిగ్గా ఇదే కొలత! పేరు వేరు, అంతే.

మామూలు కాటన్ నూలుకు ఆర్‌కేఎం 15 నుంచి 20 మధ్య ఉంటుంది. 17 అనుకుందాం. అంటే 17 కిలోమీటర్ల నూలు వేలాడదీస్తే తెగుతుంది. ఆదోని నుంచి ఎమ్మిగనూరు రోడ్డు సుమారు 30 కిలోమీటర్లు. మన కాటన్ దారం సగం దారి దాటి తెగిపోతుంది. మంచి స్టీల్ వైరు? అందరూ స్టీల్ అంటే గట్టిది అనుకుంటారు. గట్టిదే, కానీ బరువు కూడా ఎక్కువ కదా. 25 కిలోమీటర్ల చుట్టుపక్కల. అది కూడా ఎమ్మిగనూరు చేరదు! బరువుతో పోల్చి చూస్తే స్టీల్‌కూ మన దూదికీ పెద్ద తేడా లేదు, నమ్ముతారా? బుల్లెట్‌ప్రూఫ్ జాకెట్లలో వాడే కెవ్లార్ దాదాపు 250. ఆదోని నుంచి గాల్లో గీత గీస్తే హైదరాబాద్ దాటుతుంది.

మరి స్పేస్ ఎలివేటర్‌కు ఎంత కావాలి? 35,786 అక్కర్లేదు. పైకి పోయేకొద్దీ భూమి లాగే బలం తగ్గుతుంది, తిరగడం వల్ల బయటికి లాగే బలం పెరుగుతుంది. అవన్నీ లెక్కేస్తే సుమారు 4,900 వస్తుంది. 17 ఎక్కడ, 4,900 ఎక్కడ!

ఒక ఉపాయం ఉంది. బావిలో చేద లాగేటప్పుడు ఆలోచించండి. తాడులో ఎక్కువ బరువు మోసేది ఏ భాగం? మీ చేతి దగ్గరది. కింద ఉన్న తాడు బరువు, నీళ్ళ బరువు మొత్తం దాని మీదే. చేద దగ్గర ముక్క చేదను మోస్తే చాలు. కాబట్టి కింద సన్నగా, పైకి పోయేకొద్దీ లావుగా తాడు పేనితే సరిపోతుంది. స్పేస్ ఎలివేటర్ తాడు కూడా అంతే, జియోస్టేషనరీ ఎత్తు దగ్గర అన్నిటికంటే లావుగా ఉండాలి. కానీ ఎంత లావు? ఇక్కడే లెక్క చంపేస్తుంది. ఎందుకంటే లావు చేస్తే బరువు పెరుగుతుంది, ఆ బరువు మోయడానికి ఇంకా లావు చేయాలి. చక్రవడ్డీ లాంటిది. కెవ్లార్‌తో కింద ఒక చదరపు మిల్లీమీటరు తాడు పెడితే, పైన దాని అడ్డకోత 20 కోట్ల రెట్లకు పైగా అవుతుంది. అంటే ఐదారు సెంట్ల ఇంటి స్థలమంత లావు తాడు. స్టీల్‌తో అయితే 1 పక్కన 80కి పైగా సున్నాలు పెట్టినన్ని రెట్లు. కంటికి కనిపించే విశ్వంలో ఉన్న అణువులన్నీ పోగేసినా చాలవు. కాటన్‌తో 120కి పైగా సున్నాలు. దాని గురించి మాట్లాడుకోవడం వేస్ట్.

అదే ఆర్‌కేఎం 3,000 ఉన్న దారం దొరికిందనుకోండి, పైన ఐదు రెట్లు లావు ఉంటే చాలు. అంతే! చక్రవడ్డీ అవతల వైపు నుంచి కూడా అట్లాగే పనిచేస్తుంది. అందుకే అందరూ ఆ దారం కోసం వెతుకుతున్నారు.

అక్కడే కార్బన్ నానోట్యూబ్ ఎంటర్ అవుతుంది. 1991లో జపాన్ శాస్త్రవేత్త సుమియో ఇజిమా రాసిన పేపర్ తర్వాత దీని పేరు మార్మోగింది. కార్బన్ అణువులతో చేసిన గొట్టం, వెంట్రుక కంటే వేల రెట్లు సన్నం. 2018లో చైనాలోని సింఘువా యూనివర్సిటీ వాళ్ళు కొన్ని నానోట్యూబ్‌లను కట్టగా పెట్టి లాగి 80 గిగాపాస్కల్స్‌కు పైగా బలం వచ్చిందని చూపించారు. ఆర్‌కేఎంలోకి మారిస్తే 5 వేల చుట్టుపక్కల. అంటే కావలసింది దొరికేసినట్టే కదా?

ఎంత పొడుగు మీద టెస్ట్ చేశారు అని అడగండి. సెంటీమీటర్లు. ఇప్పటిదాకా తయారైన పొడుగాటి నానోట్యూబ్‌లు కూడా అర మీటరు దగ్గరివే. 2013లో అదే యూనివర్సిటీలో చేశారు. మనకు కావలసింది లక్ష కిలోమీటర్లు. మరి ఏం చేయాలి? పొట్టి పోగుల్ని కలిపి పొడుగు దారం చేయాలి. అంటే వడకాలి!

ఇప్పుడు చూడండి, సమస్య మళ్ళీ మన దగ్గరికే వచ్చింది. పత్తి పింజ పొడుగు ఎంత? 28, 30 మిల్లీమీటర్లు. మూడు సెంటీమీటర్ల పోగులతో కిలోమీటర్ల కొద్దీ నూలు ఎలా వస్తుంది? ఎక్కడా జిగురు లేదు, ముడి లేదు. పురి. పురి ఎక్కిస్తే పోగులు ఒకదాన్నొకటి నొక్కుకుంటాయి, లాగినకొద్దీ ఇంకా గట్టిగా పట్టుకుంటాయి. పురి తక్కువైతే జారిపోతాయి. ఎక్కువైతే పోగులు అడ్డంగా తిరిగి బలం తగ్గుతుంది. రాట్నం తిప్పినవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు, వేళ్ళకే తెలుసు. ఎంత బాగా వడికినా పోగుకు ఉన్న బలం అంతా నూలులోకి రాదు. కాటన్ పోగుది 30 దాకా ఉంటే నూలుకొచ్చేసరికి 17. సగానికి కాస్త పైన.

నానోట్యూబ్‌లను వడికితే? సగం కూడా రాదు, ఆ చుట్టుపక్కలకు కూడా పోదు. 5 వేలు ఉండాల్సిన ఆర్‌కేఎం నూలుగా వడికేసరికి వందల్లోకి పడిపోతుంది. ఎందుకు? జారిపోతాయి కాబట్టి.

బూరుగు దూది తెలుసు కదా, దిండ్లలో, పరుపుల్లో పెడతారు. చూడ్డానికి పత్తికంటే మెరుస్తుంది, పట్టులా ఉంటుంది. మరి దాంతో చీరలెందుకు నేయరు? నున్నగా ఉంటుంది కాబట్టి. పోగు పోగును పట్టుకోదు, వడకబోతే జారిపోతుంది. పత్తి పోగు అట్లా కాదు. కాయ పగిలి ఎండినప్పుడు పోగు లోపలి నీరు పోయి, గొట్టం చప్పిడిపడి, రిబ్బన్‌లా మెలికలు తిరుగుతుంది. మైక్రోస్కోప్‌లో చూస్తే క్లియర్‌గా కనిపిస్తుంది. ఆ మెలికలే ఒకదానిలో ఒకటి ఇరుక్కుంటాయి. ఎమ్మిగనూరులో మగ్గాలు ఆడుతున్నాయంటే కారణం ఆ మెలిక. నానోట్యూబ్ బలంలో రాక్షసి, కానీ గుణంలో బూరుగు దూది. అద్దంలా నున్నగా ఉంటుంది. పక్క ట్యూబ్‌ను చాలా బలహీనంగా పట్టుకుంటుంది. లాగితే ట్యూబ్ తెగదు, పక్కదాని మీద నుంచి జారిపోతుంది.

దీనికి మందు వెతుకుతున్నారు. ఒకటి, పింజ పొడుగు పెంచడం. యార్డులో పొడుగు పింజకు రేటు ఎందుకు ఎక్కువో మీ ఇంట్లో రైతు ఉంటే అడగండి, అదే కారణం ఇక్కడా. ఇంకోటి, ట్యూబ్‌ల మధ్య రసాయన బంధాలు వేసి అతికించడం. పడుగుకు గంజి పట్టించినట్టు అనుకోండి. కానీ గంజి ఎక్కువైతే పోగు బిరుసై పుటుక్కుమంటుంది కదా? ఇక్కడ కూడా బంధాలు ఎక్కువ వేస్తే ట్యూబ్ గోడే దెబ్బతిని బలం తగ్గుతుంది. ఎంత వేయాలి అన్నదాని మీదే రీసెర్చ్ నడుస్తోంది.

ఈ మధ్య ఒక తమ్ముడు కామెంట్‌లో రాశాడు. "మా ఇంట్లో మగ్గం ఉంది అన్నా, నేను టెక్స్‌టైల్ డిప్లొమా చేస్తున్నా, ఫ్రెండ్సంతా నూలు చదువు ఒక చదువా అని నవ్వుతున్నారు" అని. తమ్ముడూ, మగ్గం మీద ఆదాయం ఎట్లా ఉందో నువ్వు నాకంటే బాగా చూస్తున్నావు, అది బాగుందని నేను అబద్ధం చెప్పను. 1938లో మాచాని సోమప్ప గారు ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘం పెట్టిన కాలం వేరు, ఇప్పటి కాలం వేరు. కానీ పురి ఎంత ఉండాలి, పోగు ఎందుకు జారుతుంది, నూలు ఎక్కడ తెగుతుంది, ఈ మూడు ప్రశ్నలు నానోట్యూబ్ ల్యాబుల్లో కూడా అడుగుతున్నారు. నీ సిలబస్‌లో ఆ చాప్టర్లు ఉన్నాయి. వాటిని మార్కుల కోసం కాకుండా చదువు. నవ్వేవాళ్ళను ఆర్‌కేఎం అంటే ఏంటో అడుగు.

ఎక్కడ తెగుతుంది అన్నాను కదా. ల్యాబ్‌లో టెస్ట్ చేసే నూలు ముక్క అర మీటరు. లక్ష కిలోమీటర్లలో అలాంటి ముక్కలు 20 కోట్లు. అన్నీ పాసై ఒక్కటి ఫెయిలైతే? మొత్తం పోయినట్టే. పొడుగు పెరిగేకొద్దీ ఎక్కడో ఒకచోట బలహీనమైన జాగా ఉండే ఛాన్స్ పెరుగుతుంది. ఇటలీకి చెందిన నికోలా పుగ్నో 2006లో ఇదే లెక్క వేశాడు. అంత పెద్ద తాడులో అణువుల లోపాలు తప్పవు, వాటివల్ల బలం పేపర్ మీద ఉన్నదాంట్లో మూడో వంతుకు పడిపోతుంది అని.

అందుకే బ్రాడ్లీ ఎడ్వర్డ్స్ అనే ఆయన, నాసా డబ్బుతో 2000 తర్వాత డీటెయిల్డ్ ప్లాన్ వేసినప్పుడు, గుండ్రటి తాడు వద్దన్నాడు. మీటరు వెడల్పు, కాగితం కంటే పల్చని రిబ్బన్ కావాలన్నాడు. నిలువుగా వేల పోగులు, వాటిని కలుపుతూ అడ్డంగా కట్లు. ఒక పోగు తెగితే దాని బరువు అడ్డకట్ల ద్వారా పక్క పోగుల మీదికి పోతుంది. అంటే పడుగు, పేక! మొదట సన్నటి రిబ్బన్ ఒకటి దింపి, దాని మీద రెండొందలకు పైగా చిన్న యంత్రాలు ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతూ కొత్త పోగులు కలుపుతూ పోవాలని ఆయన ప్లాన్.

తాడు దొరికినా పని అయిపోదు. మిగతా చిక్కులు త్వరగా చెప్తా. లిఫ్ట్‌కు కరెంటు ఎలా? తనతో ఇంధనం మోసుకెళ్తే రాకెట్‌కూ దానికీ తేడా ఏముంది. కింద నుంచి లేజర్ కొట్టి సోలార్ ప్యానెళ్ళ ద్వారా ఇవ్వాలి. ఇది కొంత నిజమైంది. 2009లో నాసా పెట్టిన పోటీలో లేజర్‌మోటివ్ అనే టీమ్ హెలికాప్టర్‌కు వేలాడదీసిన దాదాపు కిలోమీటరు కేబుల్ మీద లేజర్ పవర్‌తో మెషీన్‌ను ఎక్కించి 9 లక్షల డాలర్లు గెలిచింది. అదే సీరీస్‌లో గట్టి తాడు చేసినవాళ్ళకు కూడా ప్రైజ్ పెట్టారు. అది మాత్రం ఒక్కరూ గెలవలేదు. ఏది కష్టమో దీన్నిబట్టే అర్థం చేసుకోండి.

గంటకు 200 కిలోమీటర్ల స్పీడుతో ఎక్కితే జియోస్టేషనరీ ఎత్తుకు ఏడున్నర రోజులు. దారిలో రేడియేషన్ బెల్టులు ఉంటాయి. చంద్రుడి మీదికి పోయిన అపోలో వాళ్ళు గంటల్లో దాటేశారు, ఈ లిఫ్ట్‌లో రోజులు కూర్చోవాలి. కాబట్టి సామాన్లకు ఓకే, మనుషులకు మందపాటి గోడలు కావాలి.

నాకు తాడు తర్వాత భయమేసేది శాటిలైట్లు. ఇప్పుడు పైన పని చేస్తున్న శాటిలైట్లే 10 వేలకు పైగా ఉన్నాయి. కింది కక్ష్యల్లో తిరిగే ప్రతి శాటిలైటూ ఒక్కో రౌండ్‌కు రెండుసార్లు భూమధ్యరేఖను దాటాలి. తాడు ఉండేది సరిగ్గా అక్కడ. రోజుకు 30 సార్లు, ఏళ్ళ తరబడి దాటుతుంటే ఏదో ఒక రోజు తగులుతుంది. సెకనుకు ఏడు కిలోమీటర్ల స్పీడుతో! పెద్దవాటిని ముందే చూసి, సముద్రంలో ఓడ మీద ఉన్న కింది కొసను జరిపి తప్పించొచ్చు. కానీ నట్టు, బోల్టు సైజు చెత్తను ఎవరు చూడగలరు?

కింది కొస అంటే గుర్తొచ్చింది. అది భూమధ్యరేఖ దగ్గర ఉండాలి. ఆదోని 15 డిగ్రీల పైన ఉంది, శ్రీహరికోట కూడా 13 దాటింది. మన దేశంలో ఆ జాగా లేదు. సముద్రమే దిక్కు.

ఇంత తలనొప్పి ఎందుకప్పా, రాకెట్లు ఉన్నాయి కదా అంటారా? మన ఎల్‌వీఎం3 రాకెట్ బరువు 640 టన్నులు. జియో కక్ష్య దారిలోకి తీసుకెళ్ళేది 4 టన్నులు. వందలో ఒక వంతు కూడా కాదు. మిగతాదంతా చాలావరకు ఇంధనమే. ఇప్పుడు రాకెట్లను తిరిగి దింపి మళ్ళీ వాడుతున్నారు, ఖర్చు తగ్గుతోంది. నిజం చెప్పాలంటే, అది తగ్గేకొద్దీ ఎలివేటర్ మీద డబ్బు పెట్టేవాళ్ళు కూడా తగ్గుతారు.

ఇక ఆ జపాన్ రీల్స్ సంగతి. ఒబయాషి అనే కన్‌స్ట్రక్షన్ కంపెనీ 2012లో ప్రకటించింది, 2050కి 96,000 కిలోమీటర్ల కేబుల్‌తో కడతామని. 2025లో పని మొదలవ్వాలని లెక్క. మొదలవ్వలేదు. 2018లో షిజుఒకా యూనివర్సిటీ వాళ్ళు రెండు చిన్న శాటిలైట్ల మధ్య ఒక తాడు, దాని మీద నడిచే బుల్లి మెషీన్‌తో ఒక ప్రయోగాన్ని అంతరిక్షానికి పంపారు. ఆ తాడు పొడుగు పది మీటర్లు. కాబట్టి "జపాన్ కట్టేసింది" అన్న థంబ్‌నెయిల్ కనిపిస్తే స్క్రోల్ చేసేయండి. 2050కి అవుతుందని నేను నమ్మను. తాడే లేకుండా లిఫ్ట్ డేట్ చెప్పడం, నూలు లేకుండా చీరకు అడ్వాన్స్ తీసుకున్నట్టు ఉంది.

కానీ ఒక చోట అవుతుంది. చంద్రుడి మీద. అక్కడ గురుత్వాకర్షణ తక్కువ కాబట్టి కావలసిన ఆర్‌కేఎం 300 లోపే. కెవ్లార్‌ది 250 అని చెప్పాను కదా, పైన రెండు మూడు రెట్లు లావు చేస్తే చాలు. అంటే ఈ రోజు మార్కెట్‌లో దొరికే దారంతోనే లెక్క కుదురుతుంది. మొదటి స్పేస్ ఎలివేటర్ ఎక్కడ అని నన్నడిగితే నేను అటువైపే చూపిస్తా.

చివరగా ఒక పని. ఇంట్లో మగ్గం ఉన్నవాళ్ళు, పక్కింట్లో ఉన్నవాళ్ళు ఇది చేయండి. 590ని నూలు కౌంట్‌తో భాగించండి, కిలోమీటరు బరువు గ్రాముల్లో వస్తుంది. 40 కౌంట్‌కు 15 గ్రాములకు కాస్త తక్కువ. రెండు పోగులు కలిపి పేనిన నూలైతే కౌంట్ సగం చేసుకోండి. ఇప్పుడు అర మీటరు ముక్క తీసుకుని రెండు పెన్సిళ్ళకు నాలుగైదు చుట్లు చుట్టండి. ముడి వేయొద్దు, ముడి దగ్గరే తెగుతుంది. కింది పెన్సిల్‌కు ఒక కవర్ కట్టి, తెగేదాకా కొంచెం కొంచెంగా ఇసుక పోయండి. కవర్, పెన్సిల్, ఇసుక అన్నీ కలిపి కిరాణా కొట్టు కాటా మీద తూచండి. ఆ గ్రాముల్ని కిలోమీటరు బరువుతో భాగిస్తే మీ నూలు ఆర్‌కేఎం. పదిసార్లు చేయండి, ప్రతిసారీ వేరే నంబర్ వస్తుంది. అన్నిటికంటే తక్కువ వచ్చిన నంబర్ ఏదో కామెంట్‌లో పెట్టండి. తాడు తెగేది ఆ నంబర్ దగ్గరే.